నోట్లో కనిపించే డ్రగ్స్ జాడలు: డెంటిస్టుల కోసం అడుగడుగునా మార్గదర్శి

డ్రగ్స్ వాడే మనిషి ఏళ్ల తరబడి ఏ డాక్టర్ గడపా తొక్కకపోవచ్చు. పంటి నొప్పి మాత్రం ఎంతటివాడినైనా నిద్ర లేపి డెంటల్ కుర్చీ దాకా లాక్కొస్తుంది. అందుకే ఈ సంగతి చాలాసార్లు మొదట కంటపడేది మనకే. కంటపడ్డాక ఏం చేయాలో తెలియక, లేదా ఎందుకొచ్చిన గొడవలే అనుకుని, పుచ్చిన పన్ను పీకేసి పంపించేసేవాళ్లే ఎక్కువ.

డెంటిస్టులు, డెంటల్ విద్యార్థులు, హైజీనిస్టుల కోసం ఇది రాస్తున్నాను. ముందే ఒకటి తేల్చుకుందాం. నోరు చూసి 'ఈయన ఫలానా డ్రగ్ వాడుతున్నాడు' అని ఎవరూ తేల్చలేరు. నోరు అనుమానం వరకే ఇస్తుంది. ఆ అనుమానాన్ని మర్యాదగా ఒక ప్రశ్న కింద మార్చి పేషెంట్ ముందు పెట్టడం దగ్గరే మన నేర్పంతా ఉంది. దొరకబుచ్చుకోవడం మన ఉద్యోగం కాదు. మరి మనకెందుకు అంటారా? పొద్దున కొకైన్ పీల్చి వచ్చిన మనిషికి మధ్యాహ్నం పన్ను మొద్దుబార్చడానికి అడ్రినలిన్ కలిసిన ఇంజెక్షన్ ఇస్తే, కుర్చీలోనే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే.

అడుగు 1: నోరు తెరిపించక ముందు

పని హిస్టరీ ఫారంతోనే మొదలవుతుంది. 'చెడు అలవాట్లు ఉన్నాయా?' అని అచ్చు వేయిస్తే ఎవరైనా 'లేవు' దగ్గరే టిక్ పెడతారు. పొగాకు, మద్యం, డ్రగ్స్ మూడింటినీ బీపీ, షుగర్, అలర్జీల వరుసలోనే పెట్టండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే ఫారం ఇవ్వండి. మనిషి వాలకం చూసి కొందరినే అడగడం మొదలుపెడితే, మర్యాదగా కనిపించేవాళ్లంతా మన చూపు తప్పించుకుంటారు.

ప్రైమరీ కేర్‌లో పరీక్షించి చూసిన ఒక ప్రశ్న 2010 నుంచి వాడకంలో ఉంది. మన మాటల్లో అయితే ఇలా అడగొచ్చు: 'గత ఏడాదిలో ఎన్నిసార్లు డ్రగ్స్ గానీ, డాక్టర్ చెప్పిన అవసరానికి కాకుండా వేరేగా మందులు గానీ వాడారు?' ఒక్కసారి అన్నా సరే, ఇంకాస్త వివరంగా మాట్లాడాలని అర్థం. 'వాడారా?' అనకుండా 'ఎన్నిసార్లు?' అని అడగడంలో సౌలభ్యం ఉంది. అడిగే మనిషి ఈ విషయానికి ఉలిక్కిపడడని పేషెంట్‌కు తెలుస్తుంది.

వాడుతున్న మందుల పేర్లు రాబట్టండి. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్ లాంటివి కనిపిస్తే ఆయన ఇప్పటికే ఆ అలవాటు నుంచి బయటపడే ప్రయత్నంలో ఉండొచ్చు. అలాంటివాళ్ల మీద అనుమానం కన్నా జాగ్రత్త ఎక్కువ అవసరం. ఎందుకో నొప్పి మాత్రల దగ్గర చెబుతాను.

బీపీ, పల్స్ అందరికీ చూడండి. రెండు నిమిషాల పని.

అడుగు 2: ముఖం, కళ్లు, చేతులు

పేషెంట్ కుర్చీలో వెనక్కి వాలకముందే చాలా తెలుస్తుంది. వెలుతురు తక్కువగా ఉన్నచోట కూడా కంటిపాపలు సూదిమొనల్లా కుంచించుకుపోయి, మాట మగతగా వస్తుంటే హెరాయిన్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు గుర్తుకు రావాలి. కంటిపాపలు విచ్చుకుని, చెమటలు పట్టి, కాలు ఆడిస్తూ, దవడ అటూ ఇటూ నూరుతూ కూర్చుంటే కొకైన్, మెథాంఫెటమిన్ (మెథ్) లాంటి ఉత్తేజకాలు. కళ్లు ఎర్రబడి, మాట నెమ్మదించి ఉంటే గంజాయి.

మెథ్ వాడేవాళ్లలో కొందరు చర్మం కింద ఏదో పాకుతున్నట్టు అనిపించి ముఖం గిల్లుకుంటారు. ఆ పుండ్లు బుగ్గల మీద, గడ్డం మీద కనిపిస్తాయి. వేడి గొట్టంతో పొగ పీల్చేవాళ్ల పెదాల మీద, బొటనవేలు, చూపుడువేలు కొసల మీద కాలిన మచ్చలు ఉంటాయి. ముక్కు లోపల పక్కులు, తరచూ రక్తం కారడం కొకైన్ పీల్చేవాళ్లలో చూస్తాం. మోచేతి మడతల్లో నరాల వెంట వరుసగా సూది మచ్చలు ఉండొచ్చు.

ఇక్కడే ఒక బ్రేక్ వేసుకోవాలి. డెంటిస్ట్ అంటేనే హడలిపోయేవాళ్లకు కూడా చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి. కాసేపు మామూలు కబుర్లు చెప్పి పల్స్ మళ్లీ చూడండి. టెన్షన్ అయితే చాలామందిలో దిగుతుంది. ఉత్తేజకాల ప్రభావం కబుర్లకు దిగదు.

అడుగు 3: లాలాజలం ఉందా, ఎండిపోయిందా?

ఏ డ్రగ్ అయినా పళ్లను దెబ్బతీసే దారి చాలావరకు నోరు ఎండిపోవడం మీదుగానే వెళ్తుంది. మెథ్, కొకైన్, ఎండీఎంఏ (ఎక్స్టసీ), గంజాయి, ఓపియాయిడ్లు అన్నీ లాలాజలాన్ని తగ్గించేవే. లాలాజలం తగ్గితే నోట్లో ఆమ్లాన్ని విరిచేదీ ఉండదు, ఎనామిల్‌కు కాల్షియం తిరిగిచ్చేదీ ఉండదు.

పరీక్ష తేలిక. అద్దం వెనక భాగాన్ని చెంప లోపలి పొరకు ఆనించి లాగండి. మామూలు నోట్లో జారిపోతుంది, ఎండిన నోట్లో అతుక్కుని చర్మాన్ని తనతో పాటు లాక్కొస్తుంది. నాలుక కింద చూడండి. అక్కడ ఎప్పుడూ కాస్త లాలాజలం మడుగు కట్టి ఉండాలి. అది లేకుండా నురగలా, తీగలా సాగుతుంటే తక్కువైనట్టే. నాలుక మీది బుడిపెలు అరిగి నున్నబడి ఉండొచ్చు, పెదాల మూలలు పగిలి ఉండొచ్చు.

కొలవాలనుకుంటే పేషెంట్‌ను తల వంచి ఐదు నిమిషాలు కప్పులోకి లాలాజలం కారనివ్వమనండి. ఏమీ నమలకుండా, ఉమ్మకుండా. నిమిషానికి 0.1 మిల్లీలీటర్ గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే నోరు నిజంగా ఎండినట్టే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది సుమారు 0.3 నుంచి 0.4 దాకా ఉంటుంది.

అడుగు 4: పుచ్చు ఎక్కడ పట్టిందో మ్యాప్ గీయండి

ఈ అడుగు దగ్గర తొందరపడొద్దు. అన్నింటికన్నా ఎక్కువ చెప్పేది ఇదే.

మామూలుగా పుచ్చు దవడ పళ్ల గుంతల్లో, పళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోట మొదలవుతుంది. చెంప వైపు నున్నటి ముఖం మీద పుచ్చు అంత త్వరగా పట్టదు. నాలుక, చెంప, లాలాజలం ఆ చోటును ఎప్పుడూ కడుగుతూనే ఉంటాయి. మెథ్ వాడేవాళ్లలో లెక్క తిరగబడుతుంది. చెంపను పక్కకు లాగి చూస్తే, చిగురు అంచు వెంబడి పన్ను నుంచి పన్నుకు పాకిన గోధుమ రంగు పట్టీ కనిపిస్తుంది. ప్రోబ్ ఆనిస్తే తోలులా మెత్తగా దిగుతుంది. ముందు పళ్ల మధ్య సందులు నల్లబడి, రెండు వైపులా తినుకుపోయి పన్ను సన్నబడుతుంది. కొంతకాలానికి ఆ మెడ దగ్గరే విరిగి, చిగురులో మోడు మాత్రం మిగులుతుంది. ఎక్స్‌రేలో చూస్తే దవడ పళ్ల నమిలే ముఖం ఇంకా గట్టిగానే ఉండి, మెడ మాత్రం కోసినట్టు కనిపించడం కూడా ఉంది.

మెథ్‌లోని ఆమ్లమే పళ్లను కరిగిస్తుందని చాలామంది అనుకుంటారు. అదొక్కటే అయితే పొగ తగిలేవాళ్లకే పళ్లు పోవాలి. ఇంజెక్షన్‌గా తీసుకునేవాళ్లకూ ఇలాగే పోతాయి. అసలు జరిగేది వేరు. ఈ మత్తు గంటల తరబడి, ఒక్కోసారి 12 గంటల దాకా ఉంటుంది. అంతసేపూ నోరు ఎండిపోయి ఉంటుంది. దాహానికి తీపి కూల్‌డ్రింకులు ఒకదాని వెంట ఒకటి తాగుతారు. పళ్లు కొరుకుతూనే ఉంటారు. బ్రష్ సంగతి రోజుల తరబడి గుర్తుండదు. ఇవన్నీ ఒకే నోట్లో ఒకేసారి జరుగుతాయి.

ఎంత దెబ్బ తీస్తుందో చెప్పడానికి 2015లో వెలువడిన ఒక అధ్యయనం చాలు. లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో మెథ్ వాడే 571 మంది నోళ్లు పరీక్షించారు. వాళ్లలో 96 శాతం మందికి పుచ్చు ఉంది. 58 శాతం మందికి చికిత్స చేయించుకోని పుచ్చు ఉంది. సహజమైన పళ్లన్నీ మిగిలి ఉన్నది 23 శాతం మందికే.

హెరాయిన్, ఇతర ఓపియాయిడ్లు వాడేవాళ్లలోనూ పుచ్చు చిగురు అంచునే పడుతుంది. వాళ్లకు తీపి మీద విపరీతమైన యావ ఉంటుంది. ఇంకో విచిత్రం, నొప్పి తెలియదు. గుజ్జు దాకా తెరుచుకున్న పన్ను పెట్టుకుని 'నొప్పేం లేదు డాక్టర్ గారూ, చూడ్డానికి బాలేదని వచ్చా' అంటారు. ఆ పన్నుకు, ఆ మాటకు పొంతన కుదరకపోతే ఆలోచించండి. ఇదే మనిషి డ్రగ్ మానేసిన మొదటి వారాల్లో నోరంతా ఒక్కసారిగా నొప్పెడుతోందని పరుగెత్తుకొస్తాడు. పళ్లు అప్పుడు కొత్తగా పాడవలేదు, ఇన్నాళ్లూ నొప్పిని కప్పిన ముసుగు తొలగింది. అప్పుడు సరైన చికిత్స దొరక్కపోతే ఆ నొప్పికే మళ్లీ పాత దారి పట్టే ప్రమాదం ఉంది.

వయసుతో పోల్చి చూడటం మర్చిపోవద్దు. పాత ఎక్స్‌రేలు ఉంటే తీసి కొత్తవాటి పక్కన పెట్టండి. కొన్నేళ్లుగా నిలకడగా ఉన్న నోరు ఏడాదిన్నరలో కుప్పకూలిందంటే ఆ మధ్యలో ఏదో జరిగింది. అది డ్రగ్ కావొచ్చు, కొత్తగా మొదలైన జబ్బు కావొచ్చు, కొత్త మందు కావొచ్చు.

అడుగు 5: అరుగుదల

ఎండీఎంఏ, మెథ్, కొకైన్ మూడూ పళ్లు కొరికిస్తాయి. మెలకువగా ఉన్నప్పుడే, గంటల తరబడి. ఎండీఎంఏలో దవడ పళ్ల నమిలే ముఖాలు ఎక్కువగా అరిగి, ఎనామిల్ కింది పొర డెంటిన్ పసుపు పచ్చ గుంతల్లా బయటపడుతుంది. చెంప లోపల, నాలుక అంచున, పెదవి లోపల కొరికిన గాట్లు ఉంటాయి. దవడ కండరం నొక్కితే నొప్పి అంటారు, నోరు పూర్తిగా తెరవలేరు.

పై ముందు పళ్ల వెనక వైపు, అంటే అంగిలి వైపు ముఖాలు మాత్రమే కరిగి నున్నగా మెరుస్తుంటే దారి వేరు. అది కడుపులోని ఆమ్లం పైకి రావడం. అతిగా తాగేవాళ్లలో, తిన్నది కావాలని కక్కేసే జబ్బు ఉన్నవాళ్లలో, ఎసిడిటీ ముదిరినవాళ్లలో చూస్తాం. వీళ్లలో మొదటి ఇద్దరికీ చెవుల కింద గ్రంథులు రెండు పక్కలా ఉబ్బి ఉండొచ్చు.

అడుగు 6: చిగుళ్లు, అంగిలి, చెంప లోపల

కొకైన్‌ను ముక్కుతో పీల్చేవాళ్లు కొందరు మిగిలిన పొడిని వేలితో చిగుళ్లకు రుద్దుకుంటారు. వేలు తేలికగా అందే చోటు పై కోరపళ్లు, వాటి పక్క పళ్ల ముందు చిగుళ్లు. అక్కడ మాత్రమే చిగురు తెల్లగా పొర కట్టి, పుండై, కిందికి జారి వేరు బయటపడి, మిగతా చిగుళ్లు ఫర్వాలేదనిపిస్తే ప్రత్యేకంగా గమనించండి. మామూలు చిగుళ్ల జబ్బు ఇలా రెండు మూడు పళ్ల దగ్గర హద్దు గీసుకుని కూర్చోదు. కొకైన్ రక్తనాళాలను బిగిస్తుంది, రక్తం అందని కణజాలం చచ్చిపోతుంది.

ఇదే బిగింపు ముక్కులో ఏళ్ల తరబడి సాగితే ముక్కు మధ్య గోడకు చిల్లు పడుతుంది. ఇంకా ముదిరితే అంగిలికీ పడుతుంది. అంగిలి సరిగ్గా మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది, అంచులు శుభ్రంగా ఉంటాయి. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తున్నాయని, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారిందని పేషెంటే చెబుతాడు. తాత్కాలికంగా మూసే పళ్లెం లాంటి అబ్ట్యురేటర్ చేసివ్వొచ్చు. వాడకం ఆగి, పుండు నిలకడపడే దాకా సర్జరీ జోలికి వెళ్తే కుట్లు నిలవవు. కొకైన్‌లో కల్తీగా కలిపే లెవామిసోల్ అనే పశువుల నులిపురుగుల మందు కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా పడగొడుతుంది. నోటి నిండా పుండ్లు, జ్వరం కలిసి కనిపిస్తే ఆ రోజే రక్తపరీక్షకు పంపండి.

గంజాయి విషయంలో నోటి గుర్తులు అంత కొట్టొచ్చినట్టు ఉండవు. నోరు ఎండటం, చెంప లోపల పొర తెల్లబారి మందమవడం, కొందరిలో చిగుళ్లు ఉబ్బడం, కొండనాలుక వాయడం. కానీ చిగుళ్ల లోతు జబ్బుతో దాని సంబంధాన్ని చూపిన గట్టి ఆధారం ఉంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. వాళ్లలో 903 మంది వివరాలతో 2008లో వచ్చిన ఫలితాల్లో, గంజాయి ఎక్కువగా వాడినవాళ్లలో 32 ఏళ్లకే పంటి నుంచి చిగురు పట్టు వదలడం ఎక్కువగా ఉందని తేలింది. పొగాకు ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా.

గోకితే ఊడొచ్చే తెల్లటి పొరలు ఫంగస్. ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లలో అవి కనిపిస్తే హెచ్ఐవీ పరీక్ష గురించి మాట్లాడాలి. గోకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు ఎవరిలో ఉన్నా బయాప్సీకి పంపాల్సిందే. డ్రగ్ వాడేవాళ్లలో చాలామంది పొగాకు, మద్యం కూడా వాడతారు. ఆ రెండూ కలిస్తే నోటి క్యాన్సర్ ముప్పు ఒక్కొక్కదాని ముప్పు కన్నా చాలా ఎక్కువ.

అరుదైనవి రెండు. ఇంట్లో వండే క్రొకోడిల్ అనే ఓపియాయిడ్ తయారీలో ఎర్ర భాస్వరం వాడతారు, దానివల్ల దవడ ఎముక చచ్చి చిగురులోంచి బయటకు పొడుచుకొస్తుంది. కండల కోసం స్టెరాయిడ్లు వేసుకునేవాళ్లలో చిగుళ్లు ఉబ్బుతాయి.

అడుగు 7: పిల్లలు, టీనేజర్లు

ఈ వయసులో ముందు గుర్తుకు రావాల్సినవి జిగురు, థిన్నర్, వైట్నర్, స్ప్రే డబ్బాలు. సంచిలో పోసి ముఖానికి ఆనించి పీల్చడం వల్ల నోటి చుట్టూ, ముక్కు కింద ఎర్రటి పొక్కులు, పొడిబారిన చర్మం ఒక వలయంలా వస్తాయి. శ్వాసలో రసాయనం వాసన, వేళ్ల మీద, చొక్కా అంచున పెయింట్ మరకలు ఉండొచ్చు. స్ప్రే నేరుగా నోట్లోకి కొట్టుకుంటే పెదాలు, అంగిలి మంచు తగిలి కాలినట్టు అవుతాయి. వీటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ ద్రావకాలు గుండెను అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తాయి. మొదటిసారి పీల్చినవాళ్లు కూడా అక్కడికక్కడే చనిపోయిన సందర్భాలున్నాయి. అలాంటి పిల్లవాడికి మనం ఇచ్చే ఇంజెక్షన్‌లోనూ అడ్రినలిన్ ఉందని మరవొద్దు.

పిల్లల్ని తల్లిదండ్రుల ముందు అడిగితే నిజం రాదు. 'కాసేపు బయట కూర్చోండమ్మా, ఈ వయసు పిల్లలందరితో విడిగా మాట్లాడతాం' అని చెప్పి పంపడం రివాజుగా పెట్టుకోండి. ఎవరికి ఎంత చెప్పాలి, ఎప్పుడు తప్పనిసరిగా తెలియజేయాలి అన్నది మీరు పనిచేసే చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. అది ముందే తెలుసుకుని ఉండండి. పేషెంట్ ఎదురుగా కూర్చున్నాక వెతుక్కునే విషయం కాదు.

అడుగు 8: ఇంకేం కావొచ్చు?

అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకోవాలి. నోరు ఎండిపోవడానికి డిప్రెషన్ మందులు, అలర్జీ మందులు, కొన్ని బీపీ మందులు, లాలాజల గ్రంథులను దెబ్బతీసే ష్యోగ్రెన్ జబ్బు, తల, మెడకు రేడియేషన్, అదుపులో లేని షుగర్ అన్నీ కారణాలే. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు డాక్టర్ రాసిచ్చే మందులతోనూ నోరు ఎండుతుంది, పళ్లు కొరకడమూ వస్తుంది. అంగిలికి చిల్లు పడితే కొకైన్ ఒక్కటే కాదు. వాస్క్యులైటిస్ (రక్తనాళాల వాపు జబ్బు), మ్యూకార్ ఫంగస్, ముదిరిన సిఫిలిస్, ఒక రకం లింఫోమా కూడా అలాగే తినేస్తాయి. అందుకే బయాప్సీ లేకుండా మాట తూలొద్దు.

డైట్ సోడా సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. 2013లో ముగ్గురి పళ్లను పక్కపక్కన పెట్టి చూపిన కేసు రిపోర్ట్ ఒకటి వచ్చింది. ఒకరు మెథ్ వాడేవారు, ఒకరు క్రాక్ కొకైన్, మూడో మనిషి ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా డైట్ సోడా తాగిన మనిషి. మూడు నోళ్లూ దాదాపు ఒకేలా పాడయ్యాయి. ఆ మూడో మనిషిని మనం 'డ్రగ్స్ మానేయండి' అని మందలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

డబ్బుల్లేక, లేదా డెంటిస్ట్ అందుబాటులో లేక పాడైన నోళ్లు ఇంకెన్నో.

అడుగు 9: అడగడం

నేరుగా, మెల్లగా, కనిపించినదాని నుంచి మొదలుపెట్టి అడగాలి. పేషెంట్‌ను లేపి నిటారుగా కూర్చోబెట్టండి, మాస్క్ తీయండి. నోట్లో అద్దం పెట్టి ఇలాంటి ప్రశ్న వేసేవాళ్లను చూశాను, ఆయన ఏం చెప్పగలడు? తలుపు వేయండి. వెంట వచ్చినవాళ్లు, అది భార్య అయినా అన్న అయినా, బయటే ఉండాలి.

'మీ పళ్లు చిగుళ్ల అంచున పాడవుతున్న తీరు కాస్త వేరుగా ఉందండీ. నోరు బాగా ఎండిపోయేవాళ్లలో ఇలా చూస్తాం. కొన్ని రకాల మాత్రల వల్ల రావొచ్చు, కూల్‌డ్రింకుల వల్ల రావొచ్చు, కొన్ని డ్రగ్స్ వల్లా రావొచ్చు. వీటిలో మీకు సంబంధించినది ఏదైనా ఉందా? దాన్ని బట్టి నేనిచ్చే ఇంజెక్షన్ మార్చాలి, అందుకే అడుగుతున్నా.'

'అబ్బే, అలాంటివేం లేవు డాక్టర్ గారూ.'

'సరేనండీ. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నా దగ్గరికి వచ్చే రోజు ఏదైనా తీసుకుని ఉంటే సూది వేయకముందే చెప్పండి. నేనేమీ అనను. ఇంజెక్షన్ మారుస్తా, లేదంటే పని రేపటికి పెడతా.'

ఇక్కడితో ఆపేయాలి. రెట్టిస్తే ఆ మనిషి మళ్లీ రాడు. మొదటిసారి కాదన్నవాళ్లు మూడో అపాయింట్‌మెంట్‌లో, చిగుళ్లు శుభ్రం చేస్తుండగా వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు.

అవునంటే ముందుగా కావాల్సినవి ఇవి: ఏది, చివరిసారి ఎప్పుడు, ఎలా తీసుకున్నారు, దానితో పాటు ఇంకేం తీసుకున్నారు. ఉపన్యాసం వద్దు. 'దీనివల్ల పళ్లకు ఏమవుతుందో చెప్పమంటారా?' అని అనుమతి అడిగి, రెండు మాటల్లో చెప్పండి. 'మానాలని ఎప్పుడైనా అనిపించిందా?' అని అడిగి, జవాబు వినండి.

అడుగు 10: ఇవాళ చేయాలా, వాయిదా వేయాలా?

కొకైన్, మెథ్ వాడిన తర్వాత కనీసం 24 గంటలు గడిచే దాకా అత్యవసరం కాని పని పెట్టుకోవద్దు. ఆ లోపు అడ్రినలిన్ ఉన్న ఇంజెక్షన్ గానీ, చిగురు వెనక్కి నెట్టడానికి వాడే అడ్రినలిన్ దారం గానీ వాడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకవచ్చు, గుండె లయ తప్పవచ్చు, గుండెపోటూ రావచ్చు. చీము పట్టి ఆగలేని పరిస్థితి అయితే అడ్రినలిన్ లేని మొద్దుబార్చే మందు, 3 శాతం మెపివకైన్ లాంటిది వాడండి. బీపీ 180/110 దాటినా, ఛాతీలో నొప్పి అన్నా హాస్పిటల్‌కు పంపండి. పంపేటప్పుడు ఏం తీసుకున్నాడో అక్కడి డాక్టర్‌కు చెప్పడం మర్చిపోకండి.

గంజాయి తాగి వచ్చినవాళ్లకు గుండె వేగం ముందే పెరిగి ఉంటుంది, భయం కూడా ఎక్కువ. వీళ్లకూ వాయిదా వేయడమే మేలు. మత్తులో ఉన్న మనిషి పెట్టిన సంతకం సమ్మతి కింద చెల్లదన్నది మరో కారణం.

ఓపియాయిడ్లు వాడేవాళ్లకు సెడేషన్ ఇస్తే శ్వాస మందగిస్తుంది, అందులోనూ నిద్రమాత్రలు తోడైతే మరీను. ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లను ఇంతకుముందు గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ వచ్చిందా, కవాటం మార్చారా అని అడగండి. అవునంటే రక్తం వచ్చే పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు 2 గ్రాముల అమాక్సిసిలిన్ ఇవ్వాలి, పెన్సిలిన్ అలర్జీ లేకపోతే. హెపటైటిస్‌తో లివర్ దెబ్బతిన్నవాళ్లలో రక్తం త్వరగా ఆగదు, పన్ను తీసే ముందు రక్తపరీక్షలు చూడండి.

కుర్చీలో మనిషి స్పృహ తప్పి, కంటిపాపలు కుంచించుకుని, శ్వాస నిమిషానికి నాలుగైదుకు పడిపోతే అది ఓపియాయిడ్ ఓవర్‌డోస్ కావొచ్చు. అంబులెన్స్‌కు ఫోన్, ఆక్సిజన్, శ్వాస అందించడం, ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్. నాలోక్సోన్ ప్రభావం ఓపియాయిడ్ కన్నా ముందే తగ్గిపోవచ్చు, కాబట్టి లేచి కూర్చున్నా ఇంటికి పంపొద్దు.

అడుగు 11: నొప్పి మాత్రలు

ఫలానా ఓపియాయిడ్ మాత్ర పేరు చెప్పి అదే కావాలనడం, మిగతా అన్ని నొప్పి మాత్రలూ పడవనడం, చీటీ పోయిందని మళ్లీ రావడం, క్లినిక్ మూసే వేళకే ఎప్పుడూ రావడం, పన్ను తీస్తానంటే వద్దు మాత్రలే చాలనడం. ఇవన్నీ కలిసి వస్తే జాగ్రత్తపడాలి. విడిగా ఏ ఒక్కటీ పెద్ద విషయం కాదు. నిజంగా నొప్పితో విలవిల్లాడే మనిషీ మూసే వేళకే వస్తాడు. ఎవరు అడిగినా జవాబు మాత్రం ఒక్కటే కావాలి: నొప్పికి కారణమైన పంటికి ఇవాళే చికిత్స మొదలుపెడతాను.

పంటి నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 నుంచి 1000 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే, జ్ఞానదంతం తీసిన తర్వాత కూడా బాగా పనిచేస్తుంది. కిడ్నీ, అల్సర్, లివర్ సమస్యలుంటే చూసి మార్చుకోవాలి. బయటపడే ప్రయత్నంలో ఉన్న మనిషి 'నాకు ఓపియాయిడ్ ఇవ్వకండి' అంటే ఆ మాట కేస్ షీట్ పైనే రాయండి. నాల్ట్రెక్సోన్ వాడేవాళ్లకు ఓపియాయిడ్ ఇచ్చినా పనిచేయదు. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్‌ను మనంతట మనం ఆపించకూడదు, రాసిన డాక్టర్‌తో మాట్లాడాలి.

అడుగు 12: చికిత్స ప్లాన్

మొదటి పని నొప్పి, చీము. ఖరీదైన బ్రిడ్జిలు, ఇంప్లాంట్లు తర్వాత. వాడకం సాగుతున్నంతకాలం అవి నిలవవు. పుచ్చును శుభ్రం చేసి గ్లాస్ అయానమర్ అనే సిమెంట్‌తో నింపి ఆపండి. లోతులేని చోట పుచ్చును ఆపే సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ ద్రవం పూయొచ్చు, పుచ్చిన చోటు నల్లబడుతుందని ముందే చెప్పాలి. మూడు నెలలకోసారి 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్, ఇంట్లో 5000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్ట్. ఆల్కహాల్ లేని మౌత్‌వాష్, చక్కెర లేని గమ్, పక్కన ఎప్పుడూ నీళ్ల సీసా. ఒకేసారి పది సూచనలు ఇస్తే ఒక్కటీ అమలవదు. నేనైతే కూల్‌డ్రింక్ బదులు నీళ్లు, రాత్రి ఒక్కసారి ఫ్లోరైడ్ పేస్ట్ దగ్గర మొదలుపెట్టమంటాను.

నాలుక కింద కరిగించుకునే బ్యుప్రెనార్ఫిన్ వాడేవాళ్లకు పళ్లు పాడవుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 జనవరిలో హెచ్చరించింది. మందు ఆపమని కాదు. పూర్తిగా కరిగాక పెద్ద గుక్క నీళ్లు తీసుకుని నోరంతా మెల్లగా తిప్పి మింగాలి, గంట ఆగి బ్రష్ చేయాలి. ప్రాణం నిలిపే మందు అది, పంటి కోసం దాన్ని వదిలేయనివ్వొద్దు. మెథడోన్ సిరప్‌లో చక్కెర ఉంటే చక్కెర లేని రకం దొరుకుతుందేమో అడగమనండి.

అడుగు 13: రికార్డ్, రిఫరల్, గోప్యత

కేస్ షీట్‌లో చూసినది రాయండి, అనుకున్నది కాదు. 'డ్రగ్ అడిక్ట్' అని రాయొద్దు. 'పై, కింది పళ్లన్నింటి చెంప వైపు ముఖాల మెడ దగ్గర పుచ్చు, లాలాజలం నిమిషానికి 0.1 మిల్లీలీటర్, డ్రగ్స్ వాడకం గురించి అడిగితే లేదన్నారు' అని రాయండి. పేషెంట్ చెబితే ఆయన మాటల్లోనే రాయండి. ఫొటోలు అనుమతితోనే. పేషెంట్‌కు తెలియకుండా లాలాజలం పరీక్షకు పంపడం లాంటివి అసలు చేయకూడదు.

డీఅడిక్షన్ సెంటర్, సైకియాట్రిస్ట్, ఇన్ఫెక్షన్ల పరీక్షలు చేసే చోటు, వీటి వివరాలు ముందే ఒక కాగితం మీద సిద్ధంగా పెట్టుకోండి. 'ఎక్కడికైనా వెళ్లి చూపించుకోండి' అంటే ఎవరూ వెళ్లరు. పేషెంట్ ఒప్పుకుంటే ఆయన ఎదుటే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం ఎంతో నయం. ఒప్పుకోకపోతే పళ్ల పని ఆపకండి.

వీళ్లు అపాయింట్‌మెంట్లు తప్పిస్తారు, అది మామూలే. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు ముందే చెప్పి ఉంచండి: ఫోన్ చేసినప్పుడు ఎవరు ఎత్తినా 'వార్నిష్ వేయించుకునే టైమైంది, ఎప్పుడు వస్తారు?' అని మాత్రమే అడగాలి.